పాఠం 12 : పశువులకూ వన్యప్రాణులకూ విషబాధ

12.1 ప్రస్తావన

బిలాస్‌పూర్ దగ్గరలోని సీపత్‌లో ఉన్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. తాతగారు రైల్వేలో పనిచేయడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంటి వెనక పాకలో ఒక ఆవు, ఒక గేదె ఉన్నాయి. ఒకరోజు ఉదయం గేదె సొంగ కారుస్తూ, వణుకుతూ కింద పడింది. మధ్యాహ్నానికి చనిపోయింది. పక్కింటావిడ వచ్చి, "వదినా, ఎవరో విషం పెట్టి ఉంటారు. నిన్న మీ గేదె వాళ్ల చేలో పడిందని కేకలేశారు కదా!" అంది. ఆ మాట ఊరంతా పాకింది. సాయంత్రానికి రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేశాయి.

నిజంగా ఎవరైనా విషం పెట్టారా? లేక గేదె తిన్న మేతలోనే విషం ఉందా? పాకలో మూలన పెట్టిన పురుగుమందు డబ్బా ఒలికిందా? కళ్లతో చూసి చెప్పలేని విషయాన్ని నోటితో తేల్చేస్తే నష్టం రెండింతలవుతుంది. ఒక గేదె పోతుంది, ఒక స్నేహమూ పోతుంది. అసలు కారణం తెలియదు కాబట్టి మిగిలిన ఆవుకు కూడా అదే ముప్పు పొంచి ఉంటుంది.

జంతువులకు విషం ఏయే దారుల్లో చేరుతుందో, దాన్ని ఎలా గుర్తించాలో, వైద్యుడు వచ్చేలోగా ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

12.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
• విషం అంటే ఏమిటో, మోతాదుకు ఉన్న ప్రాముఖ్యం ఏమిటో వివరించగలుగుతారు.
• మేత ద్వారా, బూజు ద్వారా, రసాయనాల ద్వారా కలిగే విషబాధలకు ఉదాహరణలు ఇవ్వగలుగుతారు.
• పెంపుడు జంతువులకు జరిగే పొరపాటు వన్యప్రాణులను ఎలా దెబ్బతీస్తుందో చెప్పగలుగుతారు.
• విషబాధకు గురైన పశువు విషయంలో చేయవలసినవి, చేయకూడనివి గుర్తించగలుగుతారు.

12.3 విషం అంటే ఏమిటి?

శరీరంలోకి చేరి, దాని పనిని చెడగొట్టే పదార్థమే విషం. అయితే ఒక పదార్థం విషమా కాదా అన్నది చాలావరకు మోతాదును బట్టి ఉంటుంది. యూరియానే తీసుకోండి. తగుపాళ్లలో గడ్డిలో కలిపితే పశువుకు బలం. అదే యూరియా బస్తా చిరిగి పశువు నోటికి అందితే మరణం. ఉప్పు కూడా అంతే.

మోతాదుతో పాటు మరి రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, జంతువు జాతి. ఆవు తట్టుకున్న మందు పక్షిని చంపవచ్చు. రెండవది, కాలం. కొన్ని విషాలు నిమిషాల్లో పనిచేస్తాయి. వీటివల్ల కలిగేది తీవ్ర విషబాధ. కొన్ని నెలల తరబడి కొద్దికొద్దిగా చేరి కుంగదీస్తాయి. ఇది దీర్ఘకాలిక విషబాధ.

ఒక చిన్న లెక్క చేద్దాం. నెమరువేసే పశువుకు కిలో బరువుకు సుమారు 2 మిల్లీగ్రాముల హైడ్రోజన్ సయనైడ్ ప్రాణాంతకం. 300 కిలోల ఆవుకు 300 × 2 = 600 మిల్లీగ్రాములు, అంటే ఒక గ్రాము కన్నా తక్కువ. లేత జొన్న మొక్కల్లో కిలోకు 200 మిల్లీగ్రాముల సయనైడ్ ఉందనుకుంటే, ఆవు 3 కిలోలు తింటే చాలు. ఆకలిగా ఉన్న ఆవుకు మూడు కిలోల పచ్చిమేత తినడానికి ఎంతసేపు పడుతుంది?

12.4 బాంధవ్‌గఢ్ ఏనుగులు చెప్పిన పాఠం

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే రైలు మార్గంలో ఉమరియా స్టేషన్ వస్తుంది. మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ పులుల అభయారణ్యం ఆ జిల్లాలోనే ఉంది. 2024 అక్టోబర్ 29న అక్కడ నాలుగు ఏనుగులు చనిపోయి కనిపించాయి. మరికొన్ని నేలమీద పడి లేవలేకపోతున్నాయి. పశువైద్యులు రాత్రింబవళ్లు చికిత్స చేశారు. అయినా అక్టోబర్ 31 నాటికి చనిపోయిన ఏనుగుల సంఖ్య 10కి చేరింది. ఆ మందలో ఉన్నవి మొత్తం 13.

మొదట అందరికీ వచ్చిన అనుమానం ఒక్కటే : పంట పాడుచేస్తున్నాయని ఎవరైనా విషం పెట్టారా? చుట్టుపక్కల పొలాలవారిపై చూపులు పడ్డాయి. చనిపోయిన ఏనుగుల అవయవాల నమూనాలను బరేలీలోని భారత పశువైద్య పరిశోధన సంస్థకు పంపారు. అక్కడ పురుగుమందుల కోసం, భారలోహాల కోసం, నైట్రేట్ల కోసం పరీక్షించారు. అవేవీ కనిపించలేదు. కనిపించింది సైక్లోపియాజోనిక్ ఆమ్లం అనే విషం. ఏనుగులు బూజు సోకిన కోదో పంటను పెద్దమొత్తంలో తిన్నాయని నవంబర్‌లో వచ్చిన నివేదిక తేల్చింది.

కోదో అంటే మన అరికెలు. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ గిరిజన ప్రాంతాల్లో అరికెలు తరతరాల తిండిగింజ. మంచి అరికెలు చక్కని ఆహారం. కోతల వేళ వాన తగిలి, తేమ నిలిచి, గింజకు ఆస్పర్జిల్లస్ జాతి బూజు పడితేనే ఇబ్బంది. ఆ బూజు తయారుచేసే విషమే సైక్లోపియాజోనిక్ ఆమ్లం. కండరాల కణాల్లో కాల్షియం కదలికను అది అడ్డుకుంటుంది. అటువంటి గింజ తిన్న మనుషులకూ మత్తు, వాంతులు, వణుకు, కళ్లు తిరగడం కలుగుతాయి. ఈ సంగతి పల్లెవాసులకు ఎప్పటినుంచో తెలుసు. మత్తెక్కించే గింజను మంచి గింజ నుంచి వేరుగా చూడటం వారి అనుభవంలో భాగం. అరికెల మత్తుకు ఈ ఆమ్లమే కారణమని శాస్త్రజ్ఞులు 1980ల్లో గుర్తించారు. ఇటువంటి ప్రమాదం ఏనుగులకు ఇదే మొదటిసారి కాదు. 1933లో ఇప్పటి తమిళనాడు అడవుల్లో 14 ఏనుగులు అరికెల విషంతో చనిపోయినట్టు నమోదైంది.

ఈ సంఘటన నుంచి మూడు విషయాలు నేర్చుకోవాలి.
(1) విషం ఎప్పుడూ మనిషి పెట్టినదే కానక్కరలేదు.
(2) మంచి పంట కూడా తేమ, బూజు వల్ల విషమవుతుంది.
(3) ప్రయోగశాల పరీక్ష లేకుండా కారణం తేల్చకూడదు. పరీక్ష జరగకపోయి ఉంటే ఆ నింద రైతుల మీదే ఉండిపోయేది.

బూజు విషాలకు మరో ప్రసిద్ధ ఉదాహరణ ఇంగ్లండులోది. 1960లో అక్కడ లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి మేత. అందులోని బూజు విషానికే తరువాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అందువల్ల బూజు పట్టిన తెలగపిండిని, "పశువులకే కదా" అని వేయకండి. అఫ్లాటాక్సిన్ పాల ద్వారా మీ పిల్లలకూ చేరుతుంది.

పాఠగత ప్రశ్నలు – 1
1. బాంధవ్‌గఢ్‌లో ఏనుగుల మరణానికి కారణమైన విషం పేరేమిటి?
2. బూజు పట్టిన తెలగపిండి పాడిపశువుకు పెడితే మనుషులకు ఎందుకు ప్రమాదం?

12.5 మేతలో దాగిన విషాలు

జొన్న : తెలుగు పల్లెల్లో జొన్న కోసిన మోళ్ల నుంచి మళ్లీ మొలిచే లేత పిలకలను నాము అంటారు. నాము తిన్న పశువు నిలబడ్డచోటే కూలిపోవడం రైతులకు తెలిసినదే. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు దాని నుంచి సయనైడ్ విడుదలవుతుంది. సయనైడ్ రక్తంలోని ప్రాణవాయువును కణాలు వాడుకోకుండా చేస్తుంది. అందుకే రక్తం ఎర్రగా మెరుస్తున్నా పశువు ఊపిరాడక చనిపోతుంది. నెలన్నర లోపు పైరు, వానలు లేక వాడిపోయిన పైరు, ఎండిన తరువాత వాన పడి చిగిర్చిన పైరు ఎక్కువ ప్రమాదకరం. పూత దశకు వచ్చిన తరువాత మేపితే మంచిది. బాగా ఎండబెట్టినా, పాతరవేసినా విషం చాలావరకు తగ్గుతుంది.

నైట్రేట్లు : ఎరువు ఎక్కువగా వేసిన పొలంలో, ముఖ్యంగా కరవు సమయంలో, పచ్చిమేతలో నైట్రేట్లు పేరుకుంటాయి. ఈ విషబాధలో రక్తం గోధుమరంగుకు మారుతుంది. ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించండి. సయనైడ్ విషానికి వైద్యులు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు ఇస్తారు. నైట్రేట్ విషానికి మిథిలీన్ బ్లూ ఇస్తారు. నైట్రేట్ తిన్న పశువుకు పొరపాటున నైట్రైట్ ఇస్తే దాని పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ఒకదానికి మందైనది మరొకదానికి విషం. సొంతవైద్యం వద్దనడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు.

తివడా : ఛత్తీస్‌గఢ్‌లో వరి కోతకు ముందే తడి మడిలో చల్లే పప్పు ఇది. హిందీలో ఖేసరి, తెలుగులో లంకపప్పు. నీరు లేకపోయినా పండుతుంది కాబట్టి కరవులో పేదవాడి పంట. అయితే దీనినే నెలల తరబడి ప్రధాన ఆహారంగా తింటే కాళ్లు చచ్చుబడతాయి. ఈ వ్యాధి పేరు లాథిరిజం. గుర్రాలు దీనికి త్వరగా లోనవుతాయి. వెనక కాళ్లు పట్టుతప్పుతాయి, గొంతు కండరాలు చచ్చుబడి శ్వాసలో గురక వస్తుంది. ఇందుకు కారణమైన ఓడాప్ అనే పదార్థాన్ని 1964లో భారతీయ శాస్త్రజ్ఞులు వేరుచేశారు. 1961లో కేంద్ర ప్రభుత్వం ఈ పప్పు అమ్మకాన్ని నిషేధించినా సాగు ఆగలేదు. రాయపూర్‌లోని ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఓడాప్ తక్కువగా ఉండే మహాతివడా రకాన్ని రూపొందించింది. తివడాను వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే విషం కొంత తగ్గుతుంది. ఆ నీళ్లను కుడితిలో కలపకండి.

ఇంటి చుట్టూ ఉన్న మొక్కలు : గన్నేరు ఆకులు కొద్దిగా తిన్నా పశువు గుండె దెబ్బతింటుంది. కంచె కత్తిరించిన కొమ్మలను పశువుల దారిలో పారేయడం వల్లనే చాలాసార్లు ఈ ప్రమాదం జరుగుతుంది. ఆముదపు గింజల్లో, శుద్ధిచేయని ఆముదపు పిండిలో రైసిన్ అనే తీవ్ర విషం ఉంటుంది. ఆ పిండి ఎరువుకే, మేతకు కాదు. అడవి అంచుల్లో పెరిగే లంటానా తిన్న పశువులకు కాలేయం చెడి, కళ్లు పచ్చబడి, ఎండ తగిలిన చోట చర్మం పగులుతుంది. మామూలుగా పశువులు దీన్ని ముట్టవు. మేత దొరకని రోజుల్లో, కొత్త ప్రాంతం నుంచి తెచ్చిన పశువులే ఎక్కువగా తింటాయి.

12.6 మన చేతుల మీదుగా చేరే విషాలు

యూరియా : వరిగడ్డిని మాగవేయడానికి 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి చొరకుండా మూసి, 21 రోజులు ఉంచుతారు. కొలత తప్పినా, యూరియా సరిగా కరగకపోయినా, పశువు యూరియా కలిపిన నీళ్లు తాగినా విషమవుతుంది. కడుపుబ్బరం, వణుకు, నోట నురగ కనిపిస్తాయి. దూడలకు, గుర్రాలకు ఈ గడ్డి పెట్టకూడదు.

పురుగుమందులు : ఆర్గానో ఫాస్ఫేట్, కార్బమేట్ జాతుల మందులు నరాలపై పనిచేస్తాయి. సొంగ, కన్నీరు, విరేచనాలు, కనుపాప చిన్నదవడం, కండరాలు అదరడం వీటి గుర్తులు. మందు చల్లిన గట్టుమీద గడ్డి కోయడం, పేలమందు ఎక్కువ పాళ్లలో పూయడం, మందు డబ్బాను కడిగి కుడితి గిన్నెగా వాడటం మామూలుగా జరిగే పొరపాట్లు. ఖాళీ డబ్బాకు చిల్లులు పొడిచి పాడుచేయండి. ఎంత కడిగినా అది గిన్నె కాదు.

సీసం : పాత బ్యాటరీలు, పాత రంగుల పెచ్చులు, వాడేసిన ఇంజను నూనె పశువులు నాకుతాయి. సీసం చేరితే చూపు పోయి, పశువు గోడకు తల ఆనించి నిలబడుతుంది. పళ్లు కొరుకుతుంది. బండ్ల మరమ్మతు షెడ్ల పక్కన, కార్ఖానాల వ్యర్థాలు పోసే చోట పశువులను వదలవద్దు.

విషపు ఎరలు : దూడను పులో చిరుతో చంపిందన్న కోపంతో కొందరు మిగిలిన మాంసంపై పురుగుమందు చల్లుతారు. దూడను పోగొట్టుకున్న రైతు బాధ నిజమైనదే. కాని ఆ మాంసం చిరుత ఒక్కటే తినదు. నక్కలు, కుక్కలు, రాబందులు, కాకులు అన్నీ చస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం విషం పెట్టడం కూడా వేట కిందికే వస్తుంది. అది నేరం. పెంపుడు జంతువులకు విషం పెట్టడం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద శిక్షార్హం. వన్యమృగం పశువును చంపితే కళేబరాన్ని కదపకుండా అటవీశాఖకు వెంటనే తెలియజేసి నష్టపరిహారం కోరడమే సరైన మార్గం.

పాఠగత ప్రశ్నలు – 2
1. సయనైడ్, నైట్రేట్ విషబాధల్లో రక్తం రంగు ఎలా ఉంటుంది?
2. విషపు ఎర పెట్టిన చోట చిరుత కాక ఇంకేవి చనిపోతాయి?

12.7 మందే విషమైన కథ : రాబందులు

మీ ఇంట్లో పెద్దవారిని అడిగి చూడండి. వారి చిన్నతనంలో పశువు కళేబరం చుట్టూ రాబందులు గుంపులుగా వాలేవి. ఇప్పుడు అవి ఏవి?

1990ల నుంచి మన దేశంలో రాబందులు వేగంగా తగ్గిపోయాయి. తెల్లవీపు రాబందుల సంఖ్య 1992, 2007 సంవత్సరాల మధ్య 99 శాతానికి పైగా పడిపోయింది. కారణం చాలాకాలం అంతుచిక్కలేదు. చివరకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కారణమని పాకిస్తాన్‌లో పనిచేసిన శాస్త్రజ్ఞులు 2004లో ప్రచురించారు. కాళ్లవాపు, జ్వరం ఉన్న పశువులకు ఈ సూది వేసేవారు. పశువు కొద్ది రోజుల్లో చనిపోతే దాని మాంసంలో మందు మిగిలి ఉండేది. ఆ మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై అవి చనిపోయేవి. వంద కళేబరాల్లో ఒకదానికన్నా తక్కువలో ఈ మందు ఉన్నా రాబందుల జాతి అంత వేగంగా తగ్గిపోవడానికి సరిపోతుందని లెక్కకట్టారు. ఒక కళేబరాన్ని ఎన్నో రాబందులు కలిసి తినడమే ఇందుకు కారణం.

భారత ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని గుర్తించి, 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు పరిమితం చేసింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను కూడా పశువులకు నిషేధించింది. వీటికి బదులుగా మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని తేలింది. మీ పశువుకు నొప్పి మందు రాసేటప్పుడు, "డాక్టరుగారూ, ఇది రాబందులకు హాని చేయని మందేనా?" అని అడగండి. ఒక్క ప్రశ్న చాలు.

12.8 అనుమానం వస్తే ఏం చేయాలి?

ఉన్నట్టుండి ఒకే మేత తిన్న రెండు మూడు పశువులు కలిసి జబ్బుపడితే, జ్వరం లేకుండా వణుకు, సొంగ, ఊపిరాడకపోవడం, తూలడం కనిపిస్తే విషబాధను అనుమానించండి.

చేయవలసినవి :
1. మిగిలిన పశువులను వెంటనే ఆ మేత, ఆ నీరు, ఆ స్థలం నుంచి తప్పించండి.
2. పశువైద్యుణ్ణి పిలవండి. అనేక రాష్ట్రాల్లో సంచార పశువైద్యశాలల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.
3. ఏం తిన్నదో, ఎప్పుడు తిన్నదో, ఎంతసేపటికి లక్షణాలు మొదలయ్యాయో రాసిపెట్టండి. మందు డబ్బా ఉంటే దాని పేరు చూపించండి.
4. ఒంటిపై పురుగుమందు పడితే చేతులకు తొడుగులు వేసుకుని, సబ్బునీళ్లతో బాగా కడగండి.
5. మిగిలిన మేతను శుభ్రమైన సంచిలో, నీటిని సీసాలో దాచండి. పరీక్షకు అవి కావాలి.
6. పశువు చనిపోతే శవపరీక్ష చేయించండి. తరువాత లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.

చేయకూడనివి :
1. తూలుతున్న, స్పృహ తప్పిన పశువు నోట్లో నూనె, మజ్జిగ, కషాయం పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుంది.
2. మనుషుల మందులు వేయకండి.
3. ఆ పశువు పాలు తాగకండి, మాంసం తినకండి, కళేబరాన్ని బయట పారేయకండి.
4. పరీక్ష ఫలితం రాకముందు ఎవరి పేరూ చెప్పకండి.

ఇప్పుడు మొదట చెప్పుకున్న ఇంటికి మళ్లీ వెళదాం. ఆ గేదె ముందురోజు సాయంత్రం ఏం తిన్నదో ఎవరైనా అడిగి ఉంటే, వాన తడిసిన అరికెల పొట్టు కుడితిలో కలిపామని ఇంట్లోవాళ్లకే గుర్తొచ్చేదేమో. లేదా కంచె కొట్టిన గన్నేరు కొమ్మలు కనబడేవేమో. నిజంగా ఎవరైనా విషం పెట్టి ఉంటే అది కూడా పరీక్షలో తేలేది. ఏ సందర్భంలోనైనా పిడికెడు మేత నమూనా దాచి ఉంచడం పొరుగువారితో పోట్లాట కన్నా ఎక్కువ ఉపయోగం.

12.9 మీరు ఏమి నేర్చుకున్నారు?

• మోతాదు, జంతువు జాతి, కాలం విషప్రభావాన్ని నిర్ణయిస్తాయి.
• లేత జొన్న, తివడా, గన్నేరు, లంటానా వంటి మొక్కల్లో సహజ విషాలు ఉంటాయి.
• తేమ వల్ల బూజు పట్టి మంచి గింజ విషమవుతుంది. 2024లో బాంధవ్‌గఢ్ ఏనుగులు ఇందుకు ఉదాహరణ.
• పురుగుమందు, యూరియా, సీసం మన అజాగ్రత్త వల్ల పశువులకు చేరుతాయి.
• పశువుకు వేసిన మందు రాబందుల దాకా ప్రయాణించింది. పశువులపాక, అడవి వేరువేరు లోకాలు కావు.

12.10 పాఠాంత ప్రశ్నలు

1. "మోతాదే విషాన్ని నిర్ణయిస్తుంది." యూరియా ఉదాహరణతో వివరించండి.
2. కిలో మేతలో 150 మిల్లీగ్రాముల సయనైడ్ ఉంది. 225 కిలోల పశువుకు ఎన్ని కిలోల మేత ప్రాణాంతకం? (కిలో బరువుకు 2 మిల్లీగ్రాములు అనుకోండి.)
3. సయనైడ్, నైట్రేట్ విషబాధలకు సొంతవైద్యం ఎందుకు పనికిరాదు?
4. రాబందులు తగ్గిపోవడానికి కారణం, ప్రభుత్వం తీసుకున్న చర్యలు రాయండి.
5. మీ ఇంటి చుట్టూ, మీ వీధిలో పశువులకు ప్రమాదం కలిగించగల మొక్కలు, వస్తువుల జాబితా తయారుచేయండి. ఒక్కొక్క దానికి ఎదురుగా తీసుకోవలసిన జాగ్రత్త రాయండి.

12.11 పాఠగత ప్రశ్నలకు జవాబులు

పాఠగత ప్రశ్నలు – 1
1. సైక్లోపియాజోనిక్ ఆమ్లం.
2. అఫ్లాటాక్సిన్ పాల ద్వారా మనుషులకు చేరుతుంది.

పాఠగత ప్రశ్నలు – 2
1. సయనైడ్ విషబాధలో మెరిసే ఎరుపు, నైట్రేట్ విషబాధలో గోధుమరంగు.
2. నక్కలు, కుక్కలు, రాబందులు, కాకులు మొదలైనవి.

పాఠాంత ప్రశ్న 2కు జవాబు : 225 × 2 = 450 మిల్లీగ్రాములు. 450 ÷ 150 = 3 కిలోలు.